తగు చర్య నిమిత్తం: ట్రాయ్‌కి పెట్టిన ఫిర్యాదు ఎటు పోతుంది?

“రాసుకోరా,” అన్నాడు బాబాయి ఫోన్లో. “గౌరవనీయులైన ఛైర్మన్ గారికి, ట్రాయ్, న్యూఢిల్లీ. విషయం: మా ఇంటి ఇంటర్నెట్ ఆరు రోజులుగా పనిచేయకపోవుట గురించి.”

బాబాయిది గుంటూరు బ్రాడీపేట, నాలుగో లైను. ట్రెజరీలో గుమాస్తాగా చేరి ముప్పై ఏళ్ల తర్వాత సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. వీధిలో డ్రైనేజీ కోసం తవ్వుతుంటే పొక్లెయిన్ పళ్లకి ఫైబర్ కేబుల్ తెగింది. తెగడం ఎవరి తప్పూ కాదనే అనుకుందాం. అతికించడానికి కంపెనీ మనిషి రావడం లేదు, అదీ గొడవ. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసిన ప్రతిసారీ “ఇరవై నాలుగు గంటల్లో సరిచేస్తాం సార్” అంటున్నారు. అలాంటి ఇరవై నాలుగు గంటలు అప్పటికి మూడు గడిచాయి. పిన్నికి సీరియల్ లేదు, బాబాయికి యూట్యూబ్‌లో ప్రవచనం లేదు, అమెరికాలో ఉన్న మా చెల్లెలితో వీడియో కాల్ లేదు. ఇల్లంతా టెన్షన్.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో కూర్చుని, రాసుకుంటున్నట్టు ఊఁ కొడుతూ ఒక మాట అడిగాను. “ఉత్తరం పంపుదాంలే బాబాయ్. పంపితే ఏం జవాబొస్తుందో ముందే చెప్పనా? ‘తగు చర్య నిమిత్తం సంబంధిత కంపెనీకి పంపడమైనది.’”

అవతల కాసేపు మాట లేదు. ఆ వాక్యాన్ని బాబాయి తన సర్వీసులో ఎన్ని కాగితాల మీద రాసి ఉంటాడో లెక్క లేదు. దాని అర్థం ఆయనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

“మరి ఆ ట్రాయ్ ఉన్నది ఎందుకురా?” అన్నాడు చివరికి.

అడగాల్సిన ప్రశ్నే. ట్రాయ్ అంటే ఫోన్, ఇంటర్నెట్ కంపెనీలకి నియమాలు రాసే కేంద్ర నియంత్రణ సంస్థ, ఇంగ్లీషులో రెగ్యులేటర్. పేపర్లలో “ట్రాయ్ కొరడా”, “కంపెనీలకు ట్రాయ్ షాక్” అని హెడ్డింగులు చూసీ చూసీ, కంపెనీ మాట వినకపోతే ట్రాయ్‌కి చెబితే చాలనుకుంటాం. పోలీస్ స్టేషన్లో కేసు పెట్టినట్టు అన్నమాట. అది అలా పనిచేయదు.

మా కృష్ణా డెల్టా వాళ్లకి రెగ్యులేటర్ అనే మాట టెలికాంతో రాలేదు, కాలవతో వచ్చింది. హెడ్ రెగ్యులేటర్ అంటే కాలవ మొదట్లో ఉండే గేట్లు. ఏ కాలవకి ఎన్ని నీళ్లు వదలాలో అక్కడ తేలుతుంది. మన పొలం బోదెలోకి నీళ్లు ఎక్కలేదని ఎవరూ హెడ్ రెగ్యులేటర్ దగ్గరికి వెళ్లి దెబ్బలాడరు. ముందు బోదె దగ్గర ఎవరు అడ్డుకట్ట వేశారో చూసుకుంటారు, తర్వాత కాలవ మీద నీళ్లు వదిలే లస్కర్‌ని పట్టుకుంటారు. అలాగని గేటు ఎత్తకపోతే బోదెలో చుక్క రాదు. ట్రాయ్‌ది కూడా గేటు దగ్గర ఉద్యోగమే. కాలవ మొత్తానికి నీటి మట్టం చూస్తుంది. మన ఇంటి బోదె దాని లెక్కలో ఉంటుంది గానీ దాని చేతిలో ఉండదు.

చట్టమే అలా రాశారు. టెలికాం శాఖే లైసెన్సులిచ్చి, తనే ఫోన్లు కూడా నడుపుతున్న రోజుల్లో ప్రైవేటు కంపెనీలు రంగంలోకి వచ్చాయి. ఆటగాడే అంపైర్ అయితే కుదరదు కాబట్టి 1997లో పార్లమెంటు ట్రాయ్ చట్టం చేసింది, ఆ ఏడాది ఫిబ్రవరి 20న సంస్థ ఏర్పడింది. మొదట్లో నియమాలు రాయడం, తగాదాలు తీర్చడం రెండూ దానివే. మూడేళ్లు తిరక్కుండానే ఆ ఏర్పాటు నడవదని తేలింది. 2000లో చట్టం సవరించి తగాదాలు తీర్చే పని ట్రాయ్ నుంచి తీసేసి, టీడీశాట్ అనే ట్రైబ్యునల్ పెట్టి దానికి అప్పగించారు. ఆ ట్రైబ్యునల్ కూడా ప్రభుత్వానికీ కంపెనీకీ మధ్య, కంపెనీకీ కంపెనీకీ మధ్య, కంపెనీకీ వినియోగదారుల బృందానికీ మధ్య వచ్చే తగాదాలే వింటుంది. బ్రాడీపేట నాలుగో లైన్లో ఉన్న ఒక్క బాబాయి వివాదం అక్కడ చెల్లదు. ఒంటరి వినియోగదారుడి గొడవలకి వినియోగదారుల ఫోరం ఉందిగా అని చట్టం చేసినవాళ్లు దాన్ని ముందే పక్కన పెట్టారు.

కాబట్టి ఢిల్లీకి మెయిల్ పెట్టినా, హైదరాబాద్‌లో ఉన్న ప్రాంతీయ కార్యాలయానికి రాసినా, ట్రాయ్ దాన్ని కంపెనీకి పంపుతుంది. ఒకే రకం ఫిర్యాదులు కుప్పలుగా వస్తే కంపెనీని పిలిచి అడుగుతుంది, ఆదేశం ఇస్తుంది, అవసరమైతే కొత్త నియమం రాస్తుంది. మన ఉత్తరం అక్కడ కేసు కాదు. ధర్మామీటర్లో ఒక గీత లాంటిది.

అయితే బాబాయికి దారి లేదా? ఉంది. ఆ దారి కూడా ట్రాయ్ వేసినదే, కాకపోతే కంపెనీ గుమ్మం దగ్గర మొదలవుతుంది.

2012 జనవరిలో ట్రాయ్ ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ప్రతి కంపెనీ డబ్బులు పడని నంబరుతో ఫిర్యాదు కేంద్రం నడపాలి. ఫిర్యాదు చేసిన ప్రతి ఒక్కరికీ డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదైన నంబరు ఇవ్వాలి. ఆ నంబరు, ఫిర్యాదు చేసిన తేదీ, సమయం, ఎప్పటిలోగా తేలుస్తారో అన్నీ ఎస్‌ఎంఎస్‌లో రావాలి. తేల్చాక ఏం చేశారో మళ్లీ చెప్పాలి. లైను పోవడం, సేవ ఆగిపోవడం లాంటివి మూడు రోజుల్లో తేలాలి. బిల్లు గొడవలకు మాత్రం వారాల గడువు ఉంటుంది.

ఈ డాకెట్ నంబరు దగ్గరే చాలామంది జారిపోతారు. “నీ దగ్గర నంబరు ఉందా?” అని బాబాయిని అడిగితే “మూడుసార్లు చేశానురా, ఆ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది” అన్నాడు. మర్యాదకేం లోటు లేదు. ఇద్దరం కూర్చుని ఫోన్లో మెసేజ్‌లు వెతికాం, అంటే ఆయన చదువుతుంటే నేను విన్నాను. మొదటి రెండు కాల్స్‌కి ఏ నంబరూ రాలేదు. “నోట్ చేసుకున్నాం సార్” అని పెట్టేశారు. మూడో కాల్‌కి నంబరు వచ్చింది. దాని కిందే, అదే సాయంత్రం, ఇంకో మెసేజ్: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవలు వాడుతున్నందుకు ధన్యవాదాలు.

రూటర్ మీద ఎర్ర లైటు అలాగే వెలుగుతోంది.

టికెట్ మూసేయడం వేరు, తీగ అతికించడం వేరు. కాల్ సెంటర్లో ఉన్నవాళ్లకి టికెట్లు ఎంత త్వరగా మూస్తే అంత మంచి మార్కులు. లైన్‌మ్యాన్ చేతిలో రోజుకి ఇన్ని ఇళ్లని లిస్టు ఉంటుంది. ఈ రెండింటి మధ్య బాబాయి ఇల్లు పడిపోయింది. అది నా ఊహే అనుకోండి, కానీ “పరిష్కరించబడింది” అన్న మెసేజ్ చూసి ఒళ్లు మండని ఇల్లు మా చుట్టాల్లో ఒక్కటీ లేదు.

“నంబరు లేకపోతే ఏమైంది, నేను చేశాను కదా” అంటాడేమో అనుకున్నా. అనలేదు. “ఓహో, ఇన్‌వర్డ్ నంబరా!” అన్నాడు. ట్రెజరీ మనిషికి అంతకుమించి వివరించక్కర్లేదు. ఇన్‌వర్డ్ పడని కాగితం ఆఫీసు లెక్కలో రానట్టే. డాకెట్ పడని ఫిర్యాదు కూడా రానట్టే. ట్రాయ్ రేపు ఆ కంపెనీ ఫిర్యాదులు ఎలా తేలుస్తోందని లెక్కలు అడిగితే, బాబాయి చేసిన మొదటి రెండు కాల్స్ ఆ లెక్కలో ఎక్కడా కనపడవు.

రెండో మెట్టు అప్పీల్. ఫిర్యాదు తేలకపోయినా, తేల్చిన తీరు నచ్చకపోయినా ముప్పై రోజుల్లోగా అదే కంపెనీలో ఉండే అప్పిలేట్ అథారిటీకి రాసుకోవచ్చు. ఫీజు లేదు. మెయిల్ పెట్టొచ్చు, పోస్టులో పంపొచ్చు, వెళ్లి ఇవ్వొచ్చు. అప్పీలుకి మళ్లీ వేరే నంబరు వస్తుంది. 39 రోజుల్లో తేల్చాలి. ఆ అధికారి పేరు, మెయిల్ చిరునామా కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటాయి, అన్ని కంపెనీలవీ కలిపి ట్రాయ్ వెబ్‌సైట్‌లోనూ ఉంటాయి. కాకపోతే కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే రీఛార్జ్ ఆఫర్లు చెప్పినంత హుషారుగా అప్పీల్ సంగతి ఎవరూ చెప్పరు.

కంపెనీ మీద ఫిర్యాదు కంపెనీయే వింటుందా, ఇది దొంగ చేతికి తాళాలిచ్చినట్టు కాదా అని అడగొచ్చు. అడగాలి కూడా. ఆ అనుమానం ట్రాయ్‌కీ ఉన్నట్టుంది. అందుకే అప్పీళ్లు చూసి సలహా ఇచ్చే కమిటీలో ఒకరు కంపెనీ మనిషైతే ఇంకొకరు ట్రాయ్ దగ్గర నమోదైన వినియోగదారుల సంఘం మనిషై ఉండాలని పెట్టారు. అది ఎంతవరకు పనిచేస్తుందో నాకు పెద్ద నమ్మకం లేదు. కానీ అప్పీలు వల్ల ఒక పని తప్పకుండా జరుగుతుంది. కాల్ సెంటర్ కుర్రాడి స్క్రీన్ మీద ఉన్న గొడవ, సంతకం పెట్టాల్సిన అధికారి టేబుల్ మీదికి వెళ్తుంది.

బాబాయి ఉత్తరాన్ని ఆరు లైన్లకి కుదించాను. గౌరవనీయులైన, విన్నవించుకొనుచున్నాను, తమరి విధేయుడు అన్నీ తీసేశాను. మిగిలింది: కనెక్షన్ నంబరు, లైను పోయిన తేదీ, ఫోన్ చేసిన మూడు తేదీలు, డాకెట్ నంబరు, మూసేసినట్టు వచ్చిన మెసేజ్ ఫోటో, ఎర్ర లైటు ఫోటో. చివర ఒక వాక్యం: లైను బాగుచేసి, పనిచేయని రోజులకు నిబంధనల ప్రకారం అద్దె తగ్గించవలెను. “వలెను” మాత్రం ఉండాల్సిందేనని బాబాయి పట్టుబట్టాడు.

ఆ అద్దె తగ్గింపు సంగతి ఆయనకి అప్పటిదాకా తెలియదు. ఇంటికి వచ్చే బ్రాడ్‌బ్యాండ్, ల్యాండ్‌లైన్లకి ట్రాయ్ సేవా ప్రమాణాల్లో ఇది చాలాకాలంగా ఉంది. లైను పోయి మూడు రోజులు దాటినా బాగుచేయకపోతే, ఏడు రోజుల్లోపు అయితే ఏడు రోజుల అద్దె, పదిహేను రోజుల్లోపు అయితే పదిహేను రోజుల అద్దె, ఆపైన అయితే నెల అద్దె వెనక్కివ్వాలి. బాబాయి ప్లాన్ నెలకి ఆరు వందలు. అప్పీలు పెట్టిన మూడో రోజున, అంటే లైను పోయిన పదకొండో రోజున, నిచ్చెన, అతుకులేసే మిషన్ పట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు. ఇరవై నిమిషాల పని. పదకొండు రోజులంటే పదిహేను రోజుల శ్లాబులో పడుతుంది, మూడు వందలు రావాలి. తర్వాతి నెల బిల్లు నిండా ఆరు వందలకే వచ్చింది. అదే అప్పీలు నంబరు వేసి ఇంకో రెండు లైన్లు రాశాం. ఆపై నెల మూడు వందలు తగ్గింది. అడగనివాళ్లకి తగ్గుతుందా? చట్టం ప్రకారం తగ్గాలి. మా వీధిలో ఎవరిని అడిగినా అలాంటిది ఒకటుందనే తెలియదన్నారు.

ఇక్కడ ట్రాయ్ చేసిన పనేంటి? ఆ మూడు వందల నియమం రాయడం, అది పాటిస్తున్నారో లేదో లెక్కలు అడగడం. బాబాయి పేరు దానికి తెలియదు, తెలియక్కర్లేదు కూడా.

2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సేవా ప్రమాణాల నిబంధనలు ఇదే పద్ధతిలో కొంచెం ముందుకి వెళ్లాయి. జిల్లా స్థాయిలో నెట్‌వర్క్ 24 గంటలకి మించి పడిపోతే పోస్ట్‌పెయిడ్ వాళ్లకి అద్దె తగ్గించాలి, ప్రీపెయిడ్ వాళ్లకి వ్యాలిడిటీ పెంచాలి. ప్రమాణం అందుకోలేకపోతే వేసే జరిమానా 50 వేల నుంచి లక్షకి పెరిగింది, తప్పుని బట్టి పది లక్షల దాకా వెళ్తుంది. ఆ జరిమానా డబ్బు మన జేబులోకి రాదు. వేల కోట్ల ఆదాయం ఉన్న కంపెనీకి లక్ష అంటే టిఫిన్ ఖర్చేనని మీరంటే నేనేం కాదనను.

అసలు చిక్కు జరిమానాలో లేదు, సగటులో ఉంది. రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటినా టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే ఇప్పటికీ రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపే. ఆదిలాబాద్ నుంచి కుప్పం దాకా ఒకే సర్కిల్. అంత పెద్ద కుండలో కొలిస్తే మన సందులో కాల్ కట్ అవడం ఎక్కడ కనపడుతుంది? కొత్త నిబంధనల్లో మొబైల్ సేవల లెక్కల్ని మూడు నెలలకోసారి బదులు నెలనెలా తీసుకునే పద్ధతి పెట్టారు. ఎక్కడ ఏ సిగ్నల్ ఉందో కంపెనీలు మ్యాపులు కూడా పెట్టాలన్నారు. సిమ్ కొనేముందు ఇంటి దగ్గర సిగ్నల్ చూసుకోవడానికి ఆ మ్యాప్ బాగానే పనికొస్తుంది.

ట్రాయ్ చెయ్యి ఎంతవరకు అందుతుందో తెలియాలంటే కాల్ డ్రాప్ కథ గుర్తు చేసుకోవాలి. 2015లో కాల్స్ మధ్యలో తెగిపోవడం మీద దేశమంతా గోల. ఆ అక్టోబర్లో ట్రాయ్ ఒక నియమం రాసింది: కంపెనీ తప్పు వల్ల కాల్ తెగితే ఫోన్ చేసినవాళ్లకి రూపాయి వెనక్కివ్వాలి, రోజుకి మూడు కాల్స్ దాకా, 2016 జనవరి 1 నుంచి. నోట్లో చక్కెర పోసినట్టుంది కదా. కంపెనీలు కోర్టుకెళ్లాయి. 2016 మే 11న సుప్రీం కోర్టు ఆ నియమం ఏకపక్షంగా, అసమంజసంగా ఉందని, పారదర్శకంగా చేయలేదని కొట్టేసింది. ప్రతి వినియోగదారుడి జేబులో నేరుగా రూపాయి పెట్టబోతే ఏమవుతుందో ట్రాయ్ అప్పుడు చూసింది. తెగిన ఒక్కో కాల్‌కి డబ్బు లేదు. రోజంతా నెట్‌వర్క్ పడిపోతే తగ్గింపు ఉంది.

బిల్లుల విషయంలో ట్రాయ్ ఇంకో దారి పట్టింది. దీని గురించి పేపర్లు పెద్దగా రాయవు. కంపెనీల మీటరింగ్, బిల్లింగ్ సరిగ్గా ఉన్నాయో లేదో బయటి ఆడిటర్లతో తనిఖీ చేయించే పద్ధతి 2006 నుంచీ ఉంది. ఎక్కువ వసూలు చేసినట్టు తేలితే ఫిర్యాదు చేయనివాళ్లకి కూడా తిరిగివ్వాలి. ఇవ్వాల్సిన మనిషి దొరక్కపోతే, నంబరు మార్చేసి వెళ్లిపోతే, ఆ సొమ్ము కంపెనీ దగ్గర ఉండకూడదు. 2007లో పెట్టిన వినియోగదారుల విద్య, రక్షణ నిధిలో జమ చేయాలి. ఒక్కొక్కరికీ పది పైసల తేడా మనకి కనపడదు. ఆడిటర్‌కి కనపడుతుంది. ఇలాంటి పనికి నియంత్రణ సంస్థే కావాలి, ఏ వినియోగదారుల కోర్టూ చేయలేదు.

ప్రీపెయిడ్ వాళ్లకి ఇంకొక సంగతి. బ్యాలెన్స్ ఎటు పోయిందో తెలియకపోతే గత ఆరు నెలల వాడకం వివరంగా అడగొచ్చు. దానికి కంపెనీ 50 రూపాయలకి మించి తీసుకోకూడదు. అడగని కాలర్ ట్యూన్లు, జ్యోతిషం ప్యాకులు నెత్తిన పడితే ఆపించడానికి 155223 నంబరు ఉంది. ఇలాంటి సర్వీసులు మొదలుపెట్టేముందు రెండుసార్లు అనుమతి తీసుకోవాలని 2013లోనే ఆదేశం ఇచ్చారు.

ఇప్పుడు స్పామ్ కాల్స్. మన ఫిర్యాదు నేరుగా లెక్కలోకి ఎక్కే చోటు ఇదొక్కటే.

విజయవాడలో ఉన్నవాళ్లకి ఉదాహరణ చెప్పనక్కర్లేదు. “సార్, అమరావతికి పదిహేను నిమిషాల దూరంలో వెంచర్, ఈరోజే లాస్ట్ డేట్.” ఆ లాస్ట్ డేట్ నాకు తెలిసి ఇంతవరకు రాలేదు. ఇవన్నీ మామూలు పది అంకెల నంబర్ల నుంచి వస్తాయి. వ్యాపార ప్రచారానికి 140తో మొదలయ్యే నంబర్లున్నాయి, బ్యాంకుల లాంటి సంస్థలు చేసే పని కాల్స్‌కి 1600 సిరీస్ ఉంది. మెసేజ్‌లకి పంపినవాళ్ల పేరు చివర ఒక అక్షరం ఉంటుంది: ప్రచారమైతే పి, ప్రభుత్వానిదైతే జి. సొంత సిమ్‌తో ప్రచారం చేస్తే అది నమోదు కాని టెలిమార్కెటింగ్.

1909కి ఫోన్ చేసో, మెసేజ్ పెట్టో, ప్రచార కాల్స్ వద్దని నమోదు చేసుకునే ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లోనో ఫిర్యాదు చేయొచ్చు. ఒకప్పుడు మూడు రోజుల్లో చేయాలి, 2025 ఫిబ్రవరి సవరణతో ఏడు రోజులు చేశారు. ముందుగా డీఎన్‌డీలో నమోదై ఉండకపోయినా ఈ పది అంకెల నంబర్ల మీద ఫిర్యాదు చెల్లుతుంది. పది రోజుల్లో ఒకే నంబరు మీద ఐదు ఫిర్యాదులు పడితే కంపెనీ కదలాలి. అంతకుముందు ఏడు రోజుల్లో పది పడాలి. మొదటి తప్పుకి ఆ మనిషి పేరు మీదున్న నంబర్లన్నింటికీ పదిహేను రోజులు అవుట్‌గోయింగ్ బంద్. మళ్లీ చేస్తే ఏడాదిపాటు కనెక్షన్లన్నీ కట్. స్పామ్ లెక్కలు కంపెనీ తప్పుగా చూపిస్తే దానికీ జరిమానా ఉంది: మొదటిసారి రెండు లక్షలు, తర్వాత ఐదు, ఆపై పది.

అంటే ఆ వెంచర్ కుర్రాడిని తిట్టి ఫోన్ పెట్టేస్తే మనకి కాసేపు ఊరట, అంతే. అపార్ట్‌మెంట్లో ఐదుగురం కలిసి 1909కి మెసేజ్ కొడితే ఆ సిమ్ మూగబోతుంది. నేను ఇద్దరిని ఒప్పించాను. మిగతా ముగ్గురూ “పోన్లెండి, పాపం ఉద్యోగం” అన్నారు. మనవాళ్ల జాలి అలాంటిది.

ఒక హెచ్చరిక కూడా. “ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, మీ నంబరు మీద కేసులున్నాయి, రెండు గంటల్లో కట్ చేస్తాం, తొమ్మిది నొక్కండి” అని ఫోన్ వస్తే అది నూటికి నూరు పాళ్లు మోసం. పైన చెప్పుకున్నదంతా గుర్తుంటే కారణం ఇట్టే తెలుస్తుంది. ఒక్కొక్క వినియోగదారుడితో ట్రాయ్‌కి పనే లేదు, ఎవరి నంబరూ అది కట్ చేయదు. అలా పోలీసు డ్రెస్సు వీడియో కాల్ దాకా వెళ్లి, డిజిటల్ అరెస్ట్ అని బెదిరించి, పెన్షన్ డబ్బులు ఊడ్చేస్తున్నారు. డబ్బు పోతే వెంటనే 1930కి చేయాలి.

అప్పీల్లో కూడా న్యాయం జరగకపోతే? రెండు తలుపులున్నాయి. ఒకటి టెలికాం శాఖది. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టినా, 1063కి చేసినా ఆ శాఖ ఫిర్యాదుల విభాగం కంపెనీని అడుగుతుంది. లైసెన్స్ ఇచ్చిన శాఖ కాబట్టి కంపెనీ జవాబు చెప్పక తప్పదు. 2024 నుంచి ఆ పోర్టల్‌లో 21 రోజుల గడువు పెట్టుకున్నారు. కానీ ముందు కంపెనీలో రెండు మెట్లూ ఎక్కారా అని అడుగుతారు. డాకెట్, అప్పీలు నంబర్లు ఇక్కడా కావాలి.

రెండోది జిల్లా వినియోగదారుల కమిషన్. ఈ తలుపు చాలాకాలం మూసి ఉంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలో మధ్యవర్తిత్వం సెక్షన్ ఒకటుంది కాబట్టి ఫోన్ గొడవలు వినియోగదారుల ఫోరాలు వినకూడదని 2009లో సుప్రీం కోర్టు చెప్పింది. ఆ తీర్పు చూపించి కంపెనీలు ఏళ్ల తరబడి కేసులు కొట్టేయించుకున్నాయి. అహ్మదాబాద్‌లో ఒకాయన వదల్లేదు. నెల అద్దె 249 రూపాయలు, సగటు బిల్లు 555. అలాంటి మనిషికి 2013 నవంబర్, డిసెంబర్ మధ్య ఒక్క నెలకి 24,609 రూపాయల 51 పైసల బిల్లు వచ్చింది. 2014లో జిల్లా ఫోరంకి వెళ్లాడు, పరిహారంగా అడిగింది 22 వేలు. దాని మీద వొడాఫోన్ ఐడియా సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 2022 ఫిబ్రవరి 16న కోర్టు తేల్చి చెప్పింది: టెలికాం సేవ కూడా సేవే, వినియోగదారుల ఫోరం వినొచ్చు. గమనించండి, ఎనిమిదేళ్లు గడిచాక తేలింది ఎవరు వినాలన్నదే. 24 వేల బిల్లు న్యాయమా అన్న ప్రశ్న అప్పటికింకా మొదటికే.

ఆ తీర్పు పుణ్యమా అని ఇప్పుడు ఎవరి జిల్లాలో వాళ్లు వెళ్లొచ్చు. కంపెనీ హెడ్డాఫీసు ముంబైలో ఉన్నా, మనం ఉంటున్న చోటో పనిచేస్తున్న చోటో కేసు వేయొచ్చని 2019 చట్టం చెబుతోంది. గుంటూరు వాళ్లు గుంటూరు కమిషన్‌లో, మేం విజయవాడలో. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. రెండేళ్లలోగా వేయాలి. ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. మొదట రాజీకి ప్రయత్నించాలనుకుంటే 1915 జాతీయ హెల్ప్‌లైన్ ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు.

మూడు వందల కోసం కోర్టు మెట్లు ఎక్కేదెవరు? ఇక్కడే ఈ మొత్తం ఏర్పాటులో ఒక మెట్టు ఖాళీగా ఉందని నాకనిపిస్తుంది. బ్యాంకు గొడవలకి 1995 నుంచి రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. బ్యాంకు ముప్పై రోజుల్లో తేల్చకపోతే ఆయనకి రాస్తే పైసా ఖర్చు లేకుండా విని, పరిహారం కూడా ఇప్పిస్తాడు. కరెంటు బిల్లు గొడవకి ఫిర్యాదుల ఫోరం, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫోన్‌కి మాత్రం కంపెనీ అప్పీలు దాటితే నేరుగా కమిషనే, మధ్యలో నిలబడే మనిషి లేడు. టెలికాం అంబుడ్స్‌మన్ పెట్టమని ట్రాయ్ 2004లో సిఫార్సు చేసింది. 2017లో మళ్లీ చేసింది. సిఫార్సు చేయడం ట్రాయ్ వంతు, పెట్టడం ప్రభుత్వం వంతు. 2023 టెలికాం చట్టంలో ఆన్‌లైన్ వివాద పరిష్కార వ్యవస్థ అన్న మాట ఉంది, దానివల్ల వినియోగదారుల కమిషన్‌కి వెళ్లే హక్కు పోదని కూడా రాశారు.

ఇదంతా విని మా పక్కింటాయన “ఇంత తతంగం ఎందుకండీ, పోర్ట్ కొట్టేస్తే పోలా” అన్నారు. మొబైల్‌కి అది నిజంగా మంచి మందే. 1900కి ఒక మెసేజ్, ఒకే సర్కిల్ అయితే మూడు పనిదినాల్లో నంబరు మారకుండా కంపెనీ మారిపోతుంది. బకాయి ఉంటే, వివాదంలో ఉన్న బిల్లు కట్టకుండా పెట్టుకుంటే మాత్రం కుదరదు. సిమ్ మార్చుకున్న వెంటనే కూడా కుదరదు, ఏడు రోజులు ఆగాలి. నిష్కారణంగా పోర్ట్ ఆపితే ఒక్కోదానికి పదివేల దాకా జరిమానా వేయొచ్చని ట్రాయ్ నియమం ఉంది. బ్రాడ్‌బ్యాండ్‌కి ఈ సుఖం లేదు. బాబాయి వీధిలో ఫైబర్ వేసింది ఇద్దరే, రెండో వాడి కేబుల్ కూడా అదే పొక్లెయిన్ కింద పోయింది.

మొన్న సంక్రాంతికి వెళ్తే బాబాయి టేబుల్ మీద పొడుగు అట్ట పుస్తకం కనపడింది. నిలువు గీతలు కొట్టి పెట్టాడు: తేదీ, సమయం, ఎవరితో మాట్లాడినది, డాకెట్ నంబరు, చెప్పిన గడువు, ముగిసిన తేదీ. మొదటి పేజీలో ఇంటర్నెట్ కంపెనీ, పాత ఎంట్రీకి ఎదురుగా ఎర్ర ఇంకుతో “రూ. 300 జమ”. రెండో పేజీ కేబుల్ టీవీకి, మూడోది గ్యాస్‌కి. నాలుగో పేజీ మీద ఇంకా ఏం రాయలేదు. ఏంటని అడిగితే, పిన్ని వంటింట్లోంచి, “అది నా ఫిర్యాదులకట” అంది.